ఆ కణం పోయింది, గుర్తు పోలేదు

"చిన్నప్పుడు ఒకసారి ఆటలమ్మ పోసిందంటే ఇక జన్మలో పొయ్యదు" అనే మాట తిరుపతి వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. చాలావరకు నిజమే. కానీ ఆరో ఏట ఆ వైరస్‌తో తలపడిన టీ కణం (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం) యాభయ్యో ఏట కూడా అదే కణంగా ఒంట్లో తిరుగుతూ ఉంటుందనుకుంటే పొరపాటు. అది ఎప్పుడో చీలిపోయింది, దాని పిల్లలూ చీలిపోయాయి, కొన్ని చచ్చిపోయాయి. ఇప్పుడున్నది ఎన్నో తరాల తర్వాతి వారసత్వం. ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకునే ఈ మెమరీ టీ కణాలను "దీర్ఘాయుష్షు గల కణాలు" అని పాఠాల్లో రాసేస్తుంటారు. ఆ మాటతోనే నాకు పేచీ. దీర్ఘాయుష్షు గుంపుది, కణానిది కాదు. ఈ తేడా పట్టుకుంటే మిగతా సంగతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు గుంపు ఆయుష్షు చూద్దాం. ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చింది, మళ్ళీ 1846 దాకా రాలేదు. 1846లో వచ్చినప్పుడు పీటర్ పానమ్ అనే డెన్మార్కు వైద్యుడు ఊరూరా తిరిగి చూస్తే, 1781లో తట్టు పోసిన ముసలివాళ్ళకు ఎవరికీ మళ్ళీ రాలేదు. అరవై అయిదేళ్ళ గుర్తు అది. అందులో యాంటీబాడీల పాలెంత, టీ కణాల పాలెంత అన్నది ఆ రోజుల్లో తేల్చే వీలు లేదు. తర్వాత విడదీసి కొలిచారు. మశూచి టీకా వేయించుకున్నవాళ్ళలో యాంటీబాడీలు 75 ఏళ్ళ దాకా పెద్దగా తగ్గకుండా నిలిచాయి. టీ కణాలు మాత్రం 8 నుంచి 15 ఏళ్ళకోసారి సగమవుతూ వచ్చాయని 2003లో లెక్క తేలింది. 2003లో సార్స్ సోకినవాళ్ళ రక్తంలో 17 ఏళ్ళ తర్వాత, 2020లో, ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు ఇంకా దొరికాయి.

ఇక ఒక్కో కణం ఆయుష్షు. దీన్ని కొలవడానికి వాడేది భారజలం. మన మణుగూరు కర్మాగారంలో తయారయ్యే భారజలం లాంటిదే, వైద్య అవసరానికి శుద్ధి చేసింది. వాలంటీర్లు కొన్నాళ్ళు కొద్ది కొద్దిగా తాగుతారు. కణం చీలేటప్పుడు కొత్త డీఎన్ఏ కట్టుకోవాలి. ఆ కట్టుబడిలోకి ఒంట్లో నీళ్ళలోని బరువు హైడ్రోజన్ చేరుతుంది. తర్వాత రక్తం తీసి, కావలసిన కణాలను వేరుచేసి, వాటి డీఎన్ఏలో ఆ బరువు హైడ్రోజన్ ఎంతుందో మాస్ స్పెక్ట్రోమీటరుతో చూస్తారు. గబగబా ఎక్కితే కణాలు తరచూ చీలుతున్నట్టు. తాగడం ఆపాక గబగబా దిగిపోతే పాతవి పోయి కొత్తవి వస్తున్నట్టు. ఈ కొలతల్లో తేలింది మొదట వినేవాళ్ళకు తలకిందులుగా అనిపిస్తుంది. ఇంతవరకు ఏ క్రిమినీ చూడని పచ్చి టీ కణం ఏళ్ళ తరబడి బతుకుతుంది. మొత్తం మెమరీ టీ కణాలను కలిపి చూస్తే మాత్రం కొన్ని నెలల్లోనే సగం మారిపోతాయి. గుర్తుపెట్టుకునే కణానికే ఆయుష్షు తక్కువ, మరి గుర్తు నిలిచేదెలా?

దీనికి సమాధానం వంటింట్లో ఉంది. పెరుగు గిన్నె ఖాళీ అయ్యేలోపు ఒక చెంచాడు తీసి పక్కన పెడతారు. రాత్రి గోరువెచ్చని పాలల్లో అది వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. అదే తోడు పదేళ్ళుగా నడుస్తున్న ఇళ్ళున్నాయి. పదేళ్ళనాటి బ్యాక్టీరియా ఒక్కటీ ఆ గిన్నెలో లేదు, ఆ ఇంటి పెరుగు పులుపూ గట్టిదనమూ మాత్రం అవే. తోడు తియ్యడం మరిచిపోయి గిన్నె మొత్తం ఊడ్చేస్తే పక్కింటికి వెళ్ళాల్సిందే. రోహిణీ కార్తెలో మామూలుగా వేసినంత తోడే వేస్తే తెల్లారేసరికి నోట్లో పెట్టలేనంత పులిసిపోతుంది.

ఈ పోలిక ఒక్క చోట కుదరదు. తోడు పెరగాలంటే పాలు కావాలి. మెమరీ టీ కణం చీలడానికి పాత క్రిమి మళ్ళీ కనబడనక్కర్లేదు. క్రిమి ముక్కలు ఒంట్లో ఎక్కడో దాగి ఉండి ఈ కణాలను మేపుతున్నాయేమోనని చాలాకాలం అనుమానం ఉండేది. 1999లో కాజా మురళీకృష్ణ, రఫీ అహ్మద్ బృందం దాన్ని సూటిగా తేల్చింది. రఫీ అహ్మద్ హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివినవారు. సీడీ8 టీ కణానికి (క్రిమి సోకిన కణాలను చంపే రకం) క్రిమి ముక్కను ఎత్తి చూపించే అణువు ఎంహెచ్‌సీ క్లాస్-1. ఆ అణువే లేని ఎలుకల్లోకి మెమరీ కణాలను ఎక్కించారు. చూపించేవాడే లేడు కాబట్టి గుర్తుచేసేవాడూ లేడు. అయినా కణాలు నిలిచాయి, మెల్లగా చీలుతూనే ఉన్నాయి.

అయితే చీలమని ఎవరు చెబుతున్నారు? ముఖ్యంగా రెండు సంకేత ప్రోటీన్లు: ఐఎల్-7, ఐఎల్-15 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్). ఐఎల్-7 బతికుండమని చెబుతుంది, ఐఎల్-15 మెల్లగా చీలమని చెబుతుంది. పనులు అంత గిరిగీసినట్టు ఉండవు గానీ సీడీ8 కణాల వరకు ఇలా గుర్తుపెట్టుకుంటే చాలు. ఐఎల్-7ను లింఫు గ్రంథుల్లో, ఎముక మజ్జలో ఆధారంగా నిలిచే స్ట్రోమా కణాలు తయారుచేస్తాయి. అది టీ కణం మీది గ్రాహకానికి తగిలితే లోపల ఆ కబురు మోసే స్టాట్-5 అనే ప్రోటీను కదిలి, బీసీఎల్-2 అనే ప్రోటీను పెరుగుతుంది. మైటోకాండ్రియా పొరకు చిల్లు పడకుండా కాపలా కాసేది బీసీఎల్-2. ఆ చిల్లు పడితే కణం తనను తాను చంపుకుంటుంది.

స్ట్రోమా కణాలు ఐఎల్-7ను అవసరాన్ని బట్టి పెంచి తగ్గించవు, దాదాపు ఒకే మోతాదులో చేస్తూ పోతాయి. వాడుకునే టీ కణాలు ఎక్కువైతే తలా కాస్తే అందుతుంది, తక్కువైతే మిగులుతుంది. కీమోథెరపీ తర్వాతో, హెచ్ఐవీ ముదిరినప్పుడో టీ కణాలు పడిపోతే రక్తంలో ఐఎల్-7 పెరిగేది అందుకే. మిగిలిన కణాలు ఆ మిగులుతో చీలి ఖాళీని నింపుతాయి. ఎవరూ లెక్కపెట్టకుండానే లెక్క సరిపోతుంది. పైగా ఐఎల్-7 అందుకున్న కణం కొంతసేపు తన గ్రాహకాన్ని తగ్గించుకుంటుంది. కొండమీద అన్నప్రసాదం దగ్గర తిన్నవాళ్ళు లేస్తేనే కదా తర్వాతి బంతి కూర్చునేది.

ఐఎల్-15 అలా నీళ్ళలో కలిసి దొరకదు. క్రిమి ముక్కలను టీ కణాలకు చూపించే డెండ్రైటిక్ కణం దాన్ని తన గ్రాహకం మీదనే పెట్టుకుని, పక్కనున్న టీ కణానికి చేతికి అందించినట్టు అందిస్తుంది. అంటే ఆ రెండూ ఒకదాన్నొకటి తాకాలి. ఐఎల్-15 లేని ఎలుకల్లో సీడీ8 మెమరీ కణాలు కొద్దికొద్దిగా హరించుకుపోతాయి. సీడీ4 మెమరీ కణాలు (మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే రకం) ఐఎల్-7 మీద ఎక్కువ ఆధారపడతాయి, ఎలుకల్లో అవి సీడీ8 కంటే త్వరగా తగ్గుతాయి.

ఈ కణాలు పుట్టే తీరు కూడా చూడాలి. జబ్బు పతాక స్థాయిలో ఉన్నప్పుడు ఆ క్రిమిని గుర్తుపట్టే టీ కణాలు లక్షల్లో పెరుగుతాయి. క్రిమి పోయాక వందలో 90 నుంచి 95 చచ్చిపోతాయి. మిగిలేవి ఏవో ముందే కొంత కనిపెట్టవచ్చు. పోరులో మునిగిన కణాలు ఐఎల్-7 గ్రాహకాన్ని వదిలేస్తాయి. దాన్ని అట్టిపెట్టుకున్న కొద్ది కణాలే ఎక్కువగా మెమరీకి చేరతాయి. తోడు తీసి పక్కన పెట్టడం గిన్నె ఖాళీ కాకముందే జరుగుతుందన్నమాట.

మిగిలినవన్నీ ఒక్క రకం కావు. లింఫు గ్రంథుల్లోకి రాకపోకలు సాగించేవి సెంట్రల్ మెమరీ కణాలు. అవి సీసీఆర్-7 అనే చిరునామా చీటీ పెట్టుకుంటాయి. ఆ చీటీ లేకుండా రక్తంలో, కణజాలాల్లో గస్తీ తిరిగేవి ఎఫెక్టర్ మెమరీ కణాలు. వీటికన్నా ముందు మెట్టులో మరో రకం ఉందని 2011లో మనుషుల్లో చూపించారు: మూలకణ స్వభావమున్న మెమరీ టీ కణాలు. రక్తంలోని టీ కణాల్లో ఇవి వందకు రెండు మూడే. పైకి చూస్తే పచ్చి కణంలాగే ఉంటాయి. సీడీ95 అనే గుర్తు మాత్రం పట్టిస్తుంది. టీసీఎఫ్-1 అనే ప్రోటీను వీటిలో ఎక్కువ. చీలితే తమలాంటివాటినీ పుట్టిస్తాయి, మిగతా రకాలనూ పుట్టిస్తాయి. అసలైన తోడు ఇదే.

భారజలంతో జరిగిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది ఎల్లో జ్వరం టీకా మీద చేసినది. ఆ జబ్బు అమెరికాలో తిరగడం లేదు కాబట్టి టీకా తర్వాత మళ్ళీ ఆ వైరస్ తగిలే అవకాశం లేదు. అంటే గుర్తును ఎవరూ తిరగతోడరు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం బృందం 2017లో ఫలితాలు ప్రకటించింది. టీకా వేసిన మొదటి రెండు వారాల్లో విపరీతంగా చీలిన కణాల్లోంచే మెమరీ కణాలు వచ్చాయి. ఆ తర్వాత అవి ఏడాదికి ఒక్కసారి కూడా చీలలేదు. మొత్తం మెమరీ కణాల సగటు నెలల్లో ఉంటే, ఒక క్రిమికి కేటాయించిన ఈ గుంపు ఇంత నిదానం. ఏళ్ళు గడిచాక పైకి పచ్చి కణాల్లా కనబడ్డాయి గానీ, పోరుకు కావలసిన జన్యువుల దగ్గర డీఎన్ఏ తెరిచే ఉంది. కత్తి ఒరలో ఉంది, ఒర మూత మాత్రం వెయ్యలేదు.

చీలడం నిదానంగా ఉండటం చాలా అవసరం. చీలిన ప్రతిసారీ క్రోమోజోము చివరల్లోని టెలోమియర్లు కాస్త అరుగుతాయి. సైటోమెగాలో వైరస్ ఒంట్లోనే కాపురముండి పదేపదే గిల్లుతుంది కాబట్టి, ముసలితనంలో కొందరిలో సీడీ8 మెమరీ కణాల్లో పెద్ద వాటా ఆ ఒక్క వైరస్‌కే పోతుంది. వాటిలో చాలావరకు బాగా అరిగిన కణాలే. ఎండాకాలపు పెరుగులా పులిసిపోయిన గుంపు.

హెచ్ఐవీలో ఇదే ఏర్పాటు శత్రువుకు పనికొస్తుంది. వైరస్ తన జన్యువును సీడీ4 మెమరీ కణంలో దాచి నిద్రపోతుంది. ఆ కణం ఐఎల్-7 అందుకుని మామూలుగా చీలితే దాచిన జన్యువు కూడా రెండవుతుంది. మందులు వైరస్ పుట్టుకను ఆపగలవు, కణం చీలడాన్ని ఆపలేవు. మందులు మానకుండా వేసుకున్నా ఈ దాగిన నిల్వ సగమవడానికి 44 నెలలు పడుతుందని, ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 70 ఏళ్ళు దాటుతుందని కొలిచారు. ఏఆర్‌టీ అనే ఆ హెచ్ఐవీ మాత్రలు జీవితాంతం వేసుకోవాలని చెప్పేది ఇందుకే. వైరల్ లోడ్ కనబడనంత తగ్గిందని మానేస్తే ఆ నిద్రపోయేవి లేస్తాయి.

తట్టు వైరస్ ఇంకో రకం దెబ్బ తీస్తుంది. అది కణంలోకి దూరడానికి వాడుకునే ద్వారాల్లో ఒకటి సీడీ150. మెమరీ కణాల మీద అది దండిగా ఉంటుంది. అంటే తోడు గిన్నెలోనే చెయ్యి పెడుతుంది. తట్టు తగ్గాక పిల్లలు వేరే జబ్బులకు సులువుగా గురయ్యేది ఇందువల్లే. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, రెండు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసులూ పడాలి. ఆ రెండు సూదులు తట్టునే కాదు, అంతకు ముందు సంపాదించుకున్న గుర్తులను కూడా కాపాడతాయి.

మెమరీ టీ కణాలను కంటితో చూడగల చోటు ఒకటుంది: టీబీ సోకిందో లేదో చూసే మాంటూ చర్మ పరీక్ష. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వాళ్ళు 1950లలో, అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో, బీసీజీ టీకా ఎంత పనిచేస్తుందో చూడటానికి జనానికి ఇదే పరీక్ష చేశారు. ముంజేతి లోపలివైపు, 26 లేదా 27 గేజి సూదిని నోరు పైకి ఉండేలా దాదాపు చర్మానికి ఆనించి పెట్టి, 0.1 మిల్లీలీటరు ట్యూబర్క్యులిన్ (టీబీ క్రిమి ప్రోటీన్ల మందు) చర్మం పొరల్లోకే ఎక్కించాలి. వెంటనే 6 నుంచి 10 మిల్లీమీటర్ల తెల్లని బుడిపె లేవాలి. లేవలేదంటే సూది చర్మం కిందికి దిగిపోయినట్టు. రెండో చేతికో, కనీసం 5 సెంటీమీటర్ల దూరంలోనో మళ్ళీ వెయ్యాలి. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. టీబీని గుర్తుపట్టే మెమరీ టీ కణాలు అక్కడికి చేరి, తోటి కణాలను పిలిచి గట్టిపరచడానికి అంత సమయం పడుతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది ఫలితం చదివేటప్పుడే. ఎర్రదనం కొలవకూడదు. వేలితో తడిమి గట్టిపడిన మేర మాత్రమే, చేతి పొడవుకు అడ్డంగా, మిల్లీమీటర్లలో రాయాలి. మామూలుగా 10, హెచ్ఐవీ ఉంటే 5, లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్. "కొంచెం ఉబ్బింది" అని రాసిన చీటీకి విలువ లేదు. మందు సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉండాలి. తెరిచిన 30 రోజులకు పారెయ్యాలి. ఈ మధ్యే తట్టు వచ్చినా, స్టీరాయిడ్లు వాడుతున్నా, బిడ్డ బాగా బక్కచిక్కి ఉన్నా టీబీ ఉండి కూడా రానట్టు చూపించవచ్చు.

పెద్ద వయసువాళ్ళలో ఒక విశేషం కనబడుతుంది. ఎప్పుడో సోకిన టీబీ గుర్తు పల్చబడి మొదటి పరీక్ష నెగెటివ్ వస్తుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో రెండోసారి చేస్తే పాజిటివ్ వస్తుంది. కొత్తగా సోకింది కాదది. మొదటి సూది మందే మిగిలిన కొద్ది మెమరీ కణాలను లేపి పెంచింది. ఆసుపత్రి ఉద్యోగులకు మొదట్లోనే రెండు విడతల పరీక్ష చేస్తే, రేపు వచ్చే పాజిటివ్ కొత్తదో పాతదో తికమక ఉండదు.

ల్యాబులో ఈ కణాలను పట్టుకోవాలనుకునే విద్యార్థులకు, ముఖ్యంగా మన ఊరి ఎండల్లో పనిచేసేవాళ్ళకు, ఒక మాట. ప్రోటోకాల్లో "గది ఉష్ణోగ్రత" అంటే 18 నుంచి 22 డిగ్రీలు, మే నెల తిరుపతి గది కాదు. హెపారిన్ గొట్టంలో తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఆటోలో ఎండలో తేకూడదు. ఎనిమిది గంటల్లోపు పని మొదలెట్టాలి. 50 మిల్లీలీటర్ల గొట్టంలో 15 మిల్లీలీటర్ల ఫికోల్ (కణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రావణం) పోసి, సమానంగా పీబీఎస్ (ఉప్పు ద్రావణం) కలిపిన రక్తాన్ని గోడ వెంబడి, రెండూ కలవకుండా మెల్లగా దించాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి: 400 జీ, 30 నిమిషాలు, 20 డిగ్రీలు, బ్రేకు తీసేసి. బ్రేకు వేస్తే ఆగేటప్పుడు కుదుపుకు పొరలన్నీ కలిసిపోతాయి. సరిగ్గా వస్తే పైన పసుపు ప్లాస్మా, దాని కింద పల్చటి మజ్జిగ తెట్టులాంటి తెల్లని వలయం, కింద నిర్మలమైన ఫికోల్, అడుగున ఎర్రకణాలు కనబడతాయి. ఆ తెల్లని వలయమే కావలసింది. గొట్టం వేడెక్కితే ఎర్రకణాలు గబుక్కున ముద్దకట్టి లింఫోసైట్లను (టీ కణాలు ఈ జాతివే) తమతో పాటు కిందికి ఈడ్చుకుపోతాయి, వలయం సన్నబడుతుంది. చల్లగా ఉంటే పొరలు సరిగ్గా విడిపోవు. రక్తం రోజు దాటి నిలవుంటే గ్రాన్యులోసైట్లనే వేరే రకం తెల్లకణాలు వలయంలోకి వచ్చి చేరతాయి. ఇంకో సంగతి: ఒంట్లోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి వందకు రెండే. ఊపిరితిత్తుల్లో, చర్మంలో స్థిరపడిన మెమరీ కణాలు ఈ గొట్టంలోకి రానే రావు. రక్తంలో తగ్గిందని గుర్తే పోయిందనడం తొందరపాటు.

మళ్ళీ ఆటలమ్మ దగ్గరకు. ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్నుపాము పక్క నాడీ ముడుల్లో పడుకుంటుంది. దాన్ని లేవకుండా చూసేది ప్రధానంగా టీ కణాలే. యాభై దాటాక యాంటీబాడీలు బాగానే ఉన్నా ఆ వైరస్‌కు చెందిన మెమరీ టీ కణాలు పల్చబడతాయి. అప్పుడు నడుము చుట్టూనో, ముఖం మీదో ఒక్క వైపునే పొక్కులు లేస్తాయి. మనం అక్కి అంటాం, ఎర్రమట్టితో అక్కి రాయిస్తాం. పొక్కులు వాటంతటవే మానతాయి కాబట్టి రాత పనిచేసినట్టు కనబడుతుంది. వైరస్ మందు మొదలుపెట్టాల్సిన మొదటి 72 గంటలు మాత్రం ఆ రాతలోనే గడిచిపోతాయి. కంటి దగ్గర లేస్తే అస్సలు ఆలస్యం కూడదు.

పల్చబడిన ఆ తోడును మళ్ళీ చిక్కబరచడానికే షింగ్రిక్స్ టీకా. అందులో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైపొర ప్రోటీను ఒకటి, దానితోపాటు టీ కణాలను గట్టిగా లేపే అనుబంధ మందు ఉంటాయి. ఆ మందులో ఒక భాగం దక్షిణ అమెరికా చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్, మన కుంకుడుకాయ నురగ జాతిదే. యాభై దాటినవాళ్ళకు రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. మొదటి డోసుకు చెయ్యి వాచి, ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులూ జ్వరమూ రావడం మామూలే. అది చూసి రెండోది మానేస్తుంటారు. మొదటి డోసు లేపిన గుంపులో చాలావరకు చచ్చిపోయి, నిలిచేవి నిలిచి కుదురుకోవడానికి ఆ రెండు నెలలు కావాలి. రెండో డోసు పెంచేది అలా కుదురుకున్న కణాలను. ఆరు నెలలు దాటిపోయినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, రెండోది వేయించుకుంటే చాలు.